హలబ్జా ఎప్పుడు గుర్తొచ్చింది దొరలకు?

2002 సెప్టెంబర్ 19. అమెరికా సెనేట్ సాయుధ దళాల కమిటీ ముందు రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ కూర్చుని ఉన్నాడు. ఇరాక్ మీదికి ఎందుకు దండెత్తాలో చెప్పడానికి వచ్చాడు. ఎనభై నాలుగేళ్ల సెనేటర్ రాబర్ట్ బర్డ్ ఒక వారపత్రిక చేతపట్టుకుని, అందులోని వ్యాసం చదివి వినిపించి నిలదీశాడు. ఇరాన్‌తో యుద్ధం జరిగిన రోజుల్లో జీవాయుధాలకు పనికొచ్చే సరుకు సద్దాం హుస్సేన్‌కు అందడానికి సాయపడింది మనమేనా? మనం విత్తిందే ఇప్పుడు మనం కోయబోతున్నామా? రమ్స్‌ఫెల్డ్ జవాబు సారాంశం ఇది: నాకు తెలిసి అలాంటిదేమీ లేదు, నేనెన్నడూ వినలేదు, జరిగిందంటే నమ్మను కూడా.

ఎవరి చెవిలో పెడుతున్నాడీ పువ్వు? ఆ చిట్టా అంతా అదే సెనేట్‌లో ఎనిమిదేళ్ల ముందే, 1994లో, సెనేటర్ డొనాల్డ్ రీగల్ నాయకత్వంలోని కమిటీ బయటపెట్టింది. ఆంత్రాక్స్ తెచ్చిపెట్టే బాక్టీరియా, బోటులిజం విషాన్ని పుట్టించే బాక్టీరియా మేరీలాండ్‌లోని అమెరికన్ టైప్ కల్చర్ కలెక్షన్ నుంచి ఇరాక్‌కు వెళ్లాయి. దొంగరవాణా అనుకునేరు! సాక్షాత్తూ వాణిజ్య శాఖ లైసెన్సులిచ్చి పంపించిన సరుకు. ఏ నెలలో ఏది వెళ్లిందో, అక్కడ ఎవరు అందుకున్నారో అందులో వరుసగా ఉంది. కిరాణా కొట్టు పద్దు కూడా అంత వివరంగా ఉండదు.

పోనీ, లైసెన్సుల సంగతి గుమాస్తాల పని, అంత పెద్దమనిషికి తెలియలేదనే అనుకుందాం. విషవాయువుల సంగతో?

1982 ఫిబ్రవరిలో రీగన్ ప్రభుత్వం ఉగ్రవాదాన్ని పోషించే దేశాల జాబితాలోంచి ఇరాక్ పేరు కొట్టేసింది. 1983 నవంబర్ 1న విదేశాంగ శాఖ అధికారులే తమ మంత్రి జార్జ్ షుల్ట్జ్‌కు ఒక నోట్ పెట్టారు: ఇరాక్ సైన్యం దాదాపు రోజూ రసాయనాయుధాలు వాడుతోందని. ఆ తర్వాత రెండు నెలలు కూడా తిరగలేదు. డిసెంబర్ 20న రీగన్ ప్రత్యేక దూత బాగ్దాద్‌లో దిగాడు. ఆ దూత ఎవరనుకున్నారు? ఈ రమ్స్‌ఫెల్డే. అప్పట్లో సెర్ల్ అనే మందుల కంపెనీకి అధిపతి. సైనిక దుస్తుల్లో, నడుముకు తుపాకీ వేలాడుతూ సద్దాం. సూటూ బూటుతో ఈయన. ఇద్దరూ చేతులు కలుపుకున్న దృశ్యం వీడియోలో ఉంది, ఇప్పటికీ చూడొచ్చు. తొంభై నిమిషాలు మాట్లాడుకున్నారు. ఇరాన్ గురించి, సిరియా గురించి, లెబనాన్ గురించి, జోర్డాన్ మీదుగా అకబా రేవుకు వేయదలచిన చమురు పైప్‌లైన్ గురించి. విషవాయువు మాట రాలేదు.

ఈ వీడియో చూపించి అడిగితే 2002లో ఈయన ఏమన్నాడు? రసాయనాయుధాలు వాడొద్దని సద్దాంను ఆ రోజే హెచ్చరించానన్నాడు. 2003 ఫిబ్రవరిలో ఆ భేటీ తాలూకు రహస్య పత్రాలు బయటపడ్డాయి. సద్దాంతో జరిగిన సంభాషణలో ఆ ఊసే లేదు. విదేశాంగ మంత్రి తారిక్ అజీజ్‌తో విడిగా మాట్లాడినప్పుడు, మీకు సాయం చేయడానికి మాకున్న ఇబ్బందుల్లో ఇదీ ఒకటి అన్నట్టుగా ఒక ముక్క ప్రస్తావించాడంతే. అదా హెచ్చరిక? అది బేరంలో వచ్చిన చిన్న నసుగుడు.

రెండో ప్రయాణం ఇంకా ముచ్చటైనది. 1984 మార్చి 5న అమెరికా విదేశాంగ శాఖ ఇరాక్ విషవాయువులు వాడిందని బహిరంగంగా ఖండించింది. సద్దాం అలిగాడు. ఆ అలక తీర్చడానికి అదే నెలలో రమ్స్‌ఫెల్డ్ మళ్లీ బాగ్దాద్ బయల్దేరాడు. షుల్ట్జ్ ఆయనకు పంపిన సూచనల్లో ఉన్నదేమిటంటే: రసాయనాయుధాల మీద మా వ్యతిరేకత మాకుంది, అందుకే ఖండించాం, కానీ ఇరాన్ గెలవకుండా చూడాలన్న ఆసక్తి, మీతో సంబంధాలు బాగుపరచుకోవాలన్న ఆసక్తి ఇసుమంతైనా తగ్గలేదు. ఆ మార్చిలోనే ఐక్యరాజ్యసమితి నిపుణులు యుద్ధభూమి చూసొచ్చి మస్టర్డ్ గ్యాస్, టాబున్ వాడారని తేల్చి చెప్పారు. నవంబర్‌లో వాషింగ్టన్, బాగ్దాద్ మధ్య పూర్తి దౌత్య సంబంధాలు మొదలయ్యాయి. 1967లో తెగిపోయిన బంధం విషవాయువు సాక్షిగా అతికింది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. 1979లో ఇరాన్ షా పారిపోయాడు, ఖొమేనీ వచ్చాడు, టెహ్రాన్‌లో అమెరికా దౌత్యవేత్తలు బందీలయ్యారు. 1980 సెప్టెంబర్‌లో సద్దాం ఆ ఇరాన్ మీదికే సైన్యాన్ని తోలాడు. శత్రువుకు శత్రువు దొరికాడు. అయితే ఈ లెక్కలోనైనా నిజాయితీ ఉందా అంటే అదీ లేదు. 1985, 86లలో అదే రీగన్ ప్రభుత్వం చాటుమాటుగా ఇరాన్‌కు క్షిపణులు అమ్ముతూ పట్టుబడింది. ఎనిమిదేళ్లు సాగిన ఆ యుద్ధంలో రెండు వైపులా లక్షల మంది కుర్రాళ్లు చచ్చిపోయారు.

ఇక హలబ్జా.

ఇరాన్ సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న కుర్దుల పట్టణం. 1988 మార్చి 16న మామూలు బాంబులతో మొదలైంది దాడి. జనం అలవాటుగా ఇళ్ల కింది నేలమాళిగల్లోకి దిగారు. తర్వాత వచ్చిన విమానాలు విషం కురిపించాయి. ఆ వాయువు గాలికన్నా బరువు. కిందికి జారి, జనం ప్రాణాలు దాచుకున్న ఆ నేలమాళిగల్లోకే చేరింది. యాపిల్ పళ్ల వాసన వచ్చిందని బతికినవాళ్లు చెప్పారు. దాదాపు ఐదు వేల మంది పోయారు. గుమ్మం ముందు పడి చనిపోయిన ఒక తండ్రి ఫొటో ప్రపంచమంతా చూసింది. తలపాగా చెదరలేదు. చేతుల్లో గుడ్డల్లో చుట్టిన పసిబిడ్డ. బిడ్డ నోరు తెరుచుకుని ఉంది. గడప దాటి ఒక్క అడుగు వేసే వ్యవధి కూడా ఇవ్వలేదు వాళ్లకు ఆ వాయువు.

పదిహేనేళ్ల తర్వాత, 2003 ఫిబ్రవరి 5న, అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ భద్రతామండలిలో కూర్చుని యుద్ధానికి సమర్థనగా ఈ ఐదు వేల చావులను తలచుకున్నాడు. ఇరవయ్యో శతాబ్దపు ఘోరాల్లో ఒకటన్నాడు. గొంతు గంభీరంగా పెట్టాడు. ఆ మాట అబద్ధమని ఎవరంటారు? నేను అడిగేది ఒక్కటే. 1988 మార్చి 16న కొలిన్ పావెల్ ఎక్కడున్నాడు? శ్వేతసౌధంలో. అధ్యక్షుడు రీగన్‌కు జాతీయ భద్రతా సలహాదారుగా. ప్రపంచంలో ఎక్కడ ఏ విమానం ఏ బాంబు వేసిందో ముందుగా తెలిసే కుర్చీ అది. ఆ కుర్చీలో ఉన్నన్నాళ్లు ఆ ఐదు వేల మంది కోసం యుద్ధం సంగతి దేవుడెరుగు, కనీసం సద్దాంకు ఇచ్చే అప్పు ఆపించాడా?

ఆపకపోగా ఏం జరిగిందో చూడండి. మొదట విదేశాంగ శాఖ ఇరాన్ కూడా వాడి ఉండొచ్చంటూ బురద రెండు వైపులా పూసింది. నెల తిరిగీ తిరగకుండా ఏప్రిల్‌లో ఫావ్ ద్వీపకల్పాన్ని ఇరాక్ తిరిగి గెలుచుకుంది. ఇరాన్ సేనలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే ఉపగ్రహ సమాచారం ఆ కాలంలో బాగ్దాద్‌కు అందించింది అమెరికా సైనిక గూఢచారులు. ఆ గెలుపులోనూ విషవాయువు ఉంది, అదీ వాళ్లకు తెలుసు. ఆగస్టు చివర్లో కుర్దుల ఊళ్ల మీద మళ్లీ వాయువు వదిలితే, సెప్టెంబర్‌లో షుల్ట్జ్ ఖండించిన మాట నిజం. కానీ ఇరాక్ మీద ఆంక్షలు విధించాలని సెనేటర్ క్లైబోర్న్ పెల్ తెచ్చిన బిల్లు సెనేట్‌లో గెలిస్తే, తొందరపాటు వద్దంటూ అడ్డుపడింది ఎవరు? రీగన్ ప్రభుత్వమే. దిగువసభలో చిక్కుకుని ఆ బిల్లు చచ్చింది. హలబ్జాకు, అన్‌ఫాల్ పేరుతో సద్దాం సైన్యం తుడిచిపెట్టిన వేలాది కుర్దుల పల్లెలకు దక్కిన న్యాయం అదే.

మరుసటి ఏడు, 1989 అక్టోబర్‌లో, రీగన్ తర్వాత అధ్యక్షుడైన పెద్ద బుష్ సంతకం చేసిన ఆదేశం ఇరాక్‌తో సత్సంబంధాలు అమెరికా దీర్ఘకాలిక ప్రయోజనాలకు మంచివని తేల్చింది. నవంబర్‌లో ధాన్యం కొనుక్కోవడానికి వంద కోట్ల డాలర్ల పరపతి హామీ మంజూరైంది. తిండిగింజల అప్పే కదా అంటారు. తిండికి అప్పు దొరికితే చేతిలో నగదు దేనికి మళ్లుతుందో ఇల్లు నడిపే ఏ మనిషినైనా అడగండి.

లండన్ దొరల కథ ఇంకో ఆకు ఎక్కువే చదివింది. 1985లో ఫలూజాలో క్లోరిన్ ఫ్యాక్టరీ కట్టడానికి బ్రిటన్ నుంచి కంపెనీ వెళ్లింది. ఇది మస్టర్డ్ గ్యాస్‌కు పనికొస్తుందని ప్రభుత్వం లోపలే అభ్యంతరాలు లేచాయి. అయినా థాచర్ ప్రభుత్వం ఎగుమతి బీమా ఇచ్చి పంపింది. 2002 సెప్టెంబర్‌లో టోనీ బ్లెయిర్ ప్రభుత్వం సద్దాం ఆయుధాల మీద ఒక నివేదిక అచ్చేసి జనం ముందు పెట్టింది కదా, నలభై ఐదు నిమిషాల్లో దాడికి సిద్ధమని బెదరగొట్టిన నివేదిక? అందులో ప్రమాదకరమంటూ వేలు చూపిన చోట్లలో ఆ ఫలూజా ఫ్యాక్టరీ కూడా ఉంది. తామే బీమా ఇచ్చి కట్టించిన దాన్ని సాక్ష్యంగా చూపించారు! ఎవరు కట్టించారన్న ముక్క మాత్రం అందులో రాయలేదు. సిగ్గన్నది సంతలో దొరికేదైతే వీళ్లకు కాస్త కొనిచ్చేవాణ్ని.

మాస్కో, పారిస్ పేర్లు ఎత్తడం లేదేమని కొందరికి కోపం రావచ్చు. ఎత్తుతాను. సద్దాం ట్యాంకుల్లో, విమానాల్లో ఎక్కువ భాగం సోవియట్, ఫ్రెంచి సరుకే. రసాయనాల యంత్రాలు జర్మనీ కంపెనీలు అమ్ముకున్నాయి. ఆ పాపం వాళ్లది. అయితే ఆ పాపాన్నే ధర్మపన్నాలుగా మార్చి, ఇరవై ఏళ్ల తర్వాత అదే దేశం మీద బాంబులు వేసినవాళ్ల సంగతి నేను మాట్లాడుతున్నది.

1990 ఆగస్టు 2న సద్దాం కువైట్‌ను మింగాడు. మన కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి పొట్ట చేతబట్టుకుని అక్కడికి వెళ్లినవాళ్లకు ఆ రోజులు మరపురావు. లక్షా డెబ్బై వేల మంది భారతీయులను వెనక్కి తీసుకురావలసి వచ్చింది. ఎడారి దాటి అమ్మాన్ చేరి, అక్కడ విమానాల కోసం పడిగాపులు కాసిన మనుషులు వాళ్లు. ఏళ్ల తరబడి దాచుకున్నది వదిలేసి కట్టుబట్టలతో ఇల్లు చేరారు. ఈ సద్దాంను అంతదాకా మేపినవాళ్లెవరో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఆగస్టుతో వాషింగ్టన్‌లో భాషే మారిపోయింది. నిన్నటి భాగస్వామి రాత్రికి రాత్రి హిట్లర్ అయ్యాడు. నిజమైన నేరాలు చాలవన్నట్టు కొత్తవి అల్లారు. అక్టోబర్‌లో పదిహేనేళ్ల కువైట్ అమ్మాయి అమెరికా కాంగ్రెస్ సభ్యుల ముందు కన్నీళ్లతో చెప్పింది, ఇరాక్ సైనికులు ఇంక్యుబేటర్లలోంచి పసికందులను తీసి నేలమీద పడేశారని. ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురని, ఆ సాక్ష్యాన్ని నడిపించింది హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ అని యుద్ధం అయిపోయాక తెలిసింది. సెనేట్‌లో యుద్ధ తీర్మానం 52-47తో గట్టెక్కింది. హలబ్జా బిడ్డ ఫొటో చేతిలో ఉండగా లేని బిడ్డలను పుట్టించుకోవలసిన అవసరం ఎందుకొచ్చింది? ఆ ఫొటో బయటికి తీస్తే, అప్పుడు మీరేం చేశారని ఎవరైనా అడుగుతారు గనక.

1991 ఫిబ్రవరి 15న పెద్ద బుష్ ఇరాక్ ప్రజలకు పిలుపునిచ్చాడు, మీరే పూనుకుని సద్దాంను దించేయండని. క్షిపణులు తయారుచేసే రేథియాన్ ఫ్యాక్టరీలో నిలబడి కూడా ఆ మాట అన్నాడు. జనం నమ్మారు, పాపం. దక్షిణాన షియాలు, ఉత్తరాన కుర్దులు తిరగబడ్డారు. మార్చి 3న సఫ్వాన్‌లో కాల్పుల విరమణ చర్చల్లో ఇరాక్ జనరల్, వంతెనలన్నీ కూలిపోయాయి, హెలికాప్టర్లు ఎగరనివ్వండి అని అడిగితే అమెరికా జనరల్ ష్వార్జ్‌కాఫ్ సరేనన్నాడు. తుపాకులున్న హెలికాప్టర్లకు కూడా. ఆ హెలికాప్టర్లే తిరగబడిన జనాన్ని పైనుంచి ఏరి ఏరి చంపాయి. పక్కనే ఉన్న అమెరికా సైన్యం చూస్తూ నిలబడింది.

పన్నెండేళ్లకు, 2003 మే నెలలో, హిల్లా దగ్గర మహావిల్‌లో సామూహిక సమాధులు తవ్వారు. చేత్తో మట్టి తీస్తూ ఎముకల్లో తమవాళ్ల చొక్కాగుడ్డలు వెతుక్కుంటున్న తల్లులను టీవీల్లో చూశాం. అవి 1991లో తిరగబడిన మనుషుల ఎముకలు. ఇదిగో, మేమెందుకు వచ్చామో చూశారా అని యుద్ధ సమర్థకులు ఆ గోతులను చూపించారు. మీరు రమ్మంటే వీధిలోకి వచ్చి, మీరు ఎగరనిచ్చిన హెలికాప్టర్ల కింద చచ్చినవాళ్లు కదయ్యా వాళ్లు! శవాల మీద పేలాలు ఏరుకోవడమంటే మన పెద్దలు చెప్పింది దీన్నే.

2002, 2003 నాటి అబద్ధాల గురించి ఇప్పటికే ఎంతో రాశారు గనక ఎక్కువ చెప్పను. నైజర్ నుంచి యురేనియం అన్నారు; ఆ పత్రాలు దొంగవని యుద్ధానికి ముందే, మార్చి 7న, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి ఎల్‌బరాదై చెప్పాడు. లారీల మీద తిరిగే విషప్రయోగశాలలన్నారు. అది ‘కర్వ్‌బాల్’ అనే మారుపేరున్న ఒకే ఒక్కడు అల్లిన కట్టుకథ. ఐక్యరాజ్యసమితి ఆయుధ తనిఖీల అధిపతి హన్స్ బ్లిక్స్ బృందం వందల చోట్ల వెతికి, ఇంకొన్ని నెలలు గడువివ్వండి అంటే ఇవ్వలేదు. మార్చి 20న దండయాత్ర మొదలైంది. చివరికి అమెరికా సొంత బృందమే దేశమంతా గాలించి, ఆయుధాల నిల్వలేమీ లేవని 2004లో రాసిచ్చింది.

అప్పటినుంచి వినిపిస్తున్న సాకు ఒకటుంది: నిఘా వర్గాలు పొరబడ్డాయి, మేం నమ్మాం. బంట్రోతు మీదికి తోసి అధికారి తప్పుకోవడం మనకు కొత్త కాదు. 2002 జులై 28న, ఐక్యరాజ్యసమితి తీర్మానం లేదు, తనిఖీలు లేవు, అప్పటికే బ్లెయిర్ అధ్యక్షుడు చిన్న బుష్‌కు రాసిన నోట్‌లో ఏమైనా సరే మీ వెంటే ఉంటానన్నాడు. ఇరాక్ యుద్ధం మీద బ్రిటన్ జరిపిన చిల్కాట్ విచారణ 2016లో దాన్ని బయటపెట్టింది. ముహూర్తం పెట్టుకున్నాక జాతకాలు రాయించారు. జాతకం తప్పిందని ఇప్పుడు సిద్ధాంతిని తిడుతున్నారు.

ఆయుధాలు దొరక్కపోయేసరికి మాట మారింది. ఆయుధాలన్నవాళ్లు ఆయుధాలకు సంబంధించిన కార్యక్రమ కార్యకలాపాలన్నారు. ఆ మాట 2004 జనవరిలో సాక్షాత్తూ చిన్న బుష్ ప్రసంగంలోదే. ఆ తర్వాత ప్రజాస్వామ్యమన్నారు. ఆ మార్చిలో వాషింగ్టన్‌లో పత్రికలవాళ్ల విందులో చిన్న బుష్ తన కార్యాలయంలో బల్లల కింద, సోఫాల కింద వంగి వెతుకుతున్న ఫొటోలు తెర మీద వేసి, ఆ ఆయుధాలు ఇక్కడెక్కడో ఉండాలే అని హాస్యమాడాడు. అప్పటికి చచ్చిన అమెరికా సైనికులే ఐదు వందలు దాటారు. ఇరాకీల లెక్క ఆ హాల్లో ఎవరికి పట్టింది? విందుకొచ్చినవాళ్లు పకపకా నవ్వారు. 2022 మేలో డల్లాస్‌లో యుక్రెయిన్ మీద పుతిన్ దాడిని తిట్టబోయి, ఏమాత్రం సమర్థించలేని, క్రూరమైన ఇరాక్ దండయాత్ర అని నోరు జారాడు. సర్దుకున్నాడు. అప్పుడూ సభ నవ్వింది. ఇరాక్‌లో దాదాపు రెండు లక్షల మంది మామూలు పౌరుల చావులు ఒక్కొక్కటిగా నమోదయ్యాయి. నవ్వుకోండి.

ఇక చివరి కవచం. అయినా సద్దాం దుర్మార్గుడే కదా? అవును. హలబ్జాలో దుర్మార్గుడే, దుజైల్‌లో దుర్మార్గుడే. అమెరికాకు ఎదురు నిలిచాడని మన దేశంలోనూ అతణ్ని వీరుణ్ని చేసి, ఉరితీసినప్పుడు కన్నీళ్లు కార్చినవాళ్లున్నారు. వాళ్ల మీదా నాకు గౌరవం లేదు. కుర్దుల బిడ్డల ఊపిరి తీసినవాడు వాషింగ్టన్‌ను తిట్టినంత మాత్రాన మనవాడైపోడు. కానీ దుర్మార్గుడన్న సంగతి 2003లో కనిపెట్టినట్టు నటించేవాడు, దుర్మార్గం జరుగుతున్నప్పుడు దానికి పెట్టుబడి పెట్టినవాడు అయితే, ఆ నోటినుంచి ఆ మాట వినాల్సిన ఖర్మ ఇరాకీలకేం పట్టింది?

కోర్టుకెక్కితే అక్కడైనా నిజాలు వస్తాయనుకున్నాం. సద్దాంను 2006 డిసెంబర్ 30న ఉరితీశారు. ఏ కేసులో? దుజైల్‌లో 148 మంది షియాలను చంపించిన కేసులో. ఆ దుజైల్ దాడులు మొదలైంది 1982 జులైలో, అంటే అమెరికా తన ఉగ్రవాద జాబితాలోంచి ఇరాక్‌ను తీసేసిన ఐదు నెలలకు. అన్‌ఫాల్ కేసు విచారణ అప్పటికి ఇంకా నడుస్తూనే ఉంది. వేల పల్లెల కేసు పూర్తికాకుండానే ప్రధాన ముద్దాయి మెడకు తాడు బిగించారు. విషం ఎవరు అమ్మారు, అప్పు ఎవరిచ్చారు, ఉపగ్రహ చిత్రాలు ఎవరు పంపారు అని బోనులో నిలబడి అతడు నోరు విప్పే అవకాశం అంతటితో సరి. ఎవరి పీడ విరగడైందో వేరే చెప్పాలా?

హేగ్‌లో మాత్రం ఒక డచ్చి వ్యాపారికి శిక్ష పడింది. ఫ్రాన్స్ వాన్ ఆన్‌రాట్. మస్టర్డ్ గ్యాస్‌కు కావలసిన థయోడైగ్లైకాల్ సద్దాంకు అమ్మినందుకు 2005 డిసెంబర్‌లో పదిహేనేళ్లు వేశారు. అప్పీలుకు వెళితే ఇంకా పెంచారు. మంచి తీర్పు. పీపాలు అమ్మినవాడు జైలుకెళ్లాడు. ఆ పీపాలు ఎక్కడ వాడుతున్నారో తెలిసీ వెళ్లి చేయి కలిపినవాడు రక్షణ మంత్రి అయ్యాడు, యుద్ధం చేశాడు, జ్ఞాపకాలు రాసుకున్నాడు, 2021లో ఎనభై ఎనిమిదేళ్ల వయసులో పోయాడు.

హలబ్జావాళ్లు ఏమనుకుంటున్నారో దొరలెవరూ అడగలేదు గానీ, వాళ్లు ఒకసారి చెప్పారు. 2003 సెప్టెంబర్‌లో కొలిన్ పావెల్ ఆ ఊరెళ్లి, మృతుల స్మారక భవనం ప్రారంభోత్సవంలో కుర్దు నాయకుల పక్కన నిలబడ్డాడు. ఆ తర్వాత ఏటా మార్చి 16న కార్ల బారులు దిగేవి, నాయకులు అతిథులకు ఆ భవనం చూపించి వెళ్లిపోయేవాళ్లు. ఊరికి రోడ్లు లేవు, మంచినీళ్లు లేవు, వాయువు పీల్చి రోగిష్టులైనవాళ్లకు సరైన వైద్యం లేదు. 2006 మార్చి 16న, దాడి జరిగి సరిగ్గా పద్దెనిమిదేళ్లు నిండిన రోజున, ఊరి కుర్రాళ్లు, బాధితుల బంధువులు దారికి అడ్డంగా నిలబడ్డారు. ఇక మా చావులను చూపించుకోవడానికి రావొద్దన్నారు. కాపలావాళ్లు కాల్పులు జరిపితే ఒక కుర్రాడు చనిపోయాడు. జనం లోపలికి దూసుకెళ్లి, తమవాళ్ల పేర్లున్న ఆ స్మారక భవనానికి తామే నిప్పు పెట్టారు.